శనివారం పాపకు ఈత పోటీ: పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పెట్టాలి, ఏం తాగించాలి?

అలిపిరి అమ్మ
గురువారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా పాపకు 12 ఏళ్లు, బరువు 38 కిలోలు. ఎల్లుండి తిరుపతిలోనే పోటీలు. 7 గంటలకల్లా రిపోర్ట్ చెయ్యాలి, 7:30కి వార్మప్. 200 ఫ్రీస్టైల్ 9:30 ప్రాంతంలో, 50 బటర్‌ఫ్లై పన్నెండు లోపు, రిలే అన్నిటికన్నా చివర, నాలుగుకు అంటున్నారు. ఆదివారం ఇంకో రెండు ఈవెంట్లు.

మా వాట్సాప్ గ్రూపులో తలా ఒక మాట. ఒకావిడ గుడ్లు నాలుగు ఉడికించి పెట్టమంటారు. ఇంకొకావిడ గ్లూకోజ్ పొడి నోట్లో పోసి దింపమంటారు. ఒకాయనైతే ఖాళీ కడుపుతోనే తేలిగ్గా ఈదుతారని గట్టిగా చెబుతున్నారు. దీనికి తోడు మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు. అత్తయ్యను చూసి పాప కూడా మధ్యాహ్నం దాకా ఏమీ తినదు, తనంతట తనే పెట్టుకున్న అలవాటు. అనుభవం ఉన్నవాళ్లు టైముల ప్రకారం చెబితే పుణ్యం ఉంటుంది.


చిత్తూరు నాన్న
గురువారం, రాత్రి 10:05

అక్కా, మేమూ వస్తా ఉండాం, మా పిల్లోడు బ్రెస్ట్‌స్ట్రోక్. చిత్తూరు నుంచి తెల్లార్తో నాలుగున్నరకే బయల్దేరాల. దార్లో హోటల్లో పొంగలి, వడ వేడివేడిగా దొరుకుతాది, అదే పెట్టిస్తా. నెయ్యి పడకుంటే బలం యాడ్నించి వస్తాది? మా నాయనోళ్లు సంగటి ముద్ద, ఊరుబిండి తిని బాయిలో దూకినోళ్లే. ఈ గ్రాములూ కొలతలూ అప్పుడు ఎవురికి తెలుసు?


డెక్ మీద మాస్టారు
గురువారం, రాత్రి 10:31

చిత్తూరు నాన్నగారూ, మీ నాయనగారు బావిలో దూకింది సరదాకు. బావిలో టర్న్ ఉండదు, టైమూ ఉండదు. పొంగలి మీద నాకేం కోపం లేదు, కానీ పోటీ పొద్దున మాత్రం వద్దు.

ఎందుకో చెబుతాను. నెయ్యి, నూనె ఉన్న తిండి కడుపులోంచి నిదానంగా దిగుతుంది. కూర్చుని ఆఫీసు పని చేసేవాళ్లకు ఇబ్బంది లేదు. ఈతగాడు బోర్లా పడుకుని, పొట్ట కండరాలు బిగించి, గోడ దగ్గర పల్టీ కొట్టాలి. కడుపులో ఉన్నది గొంతులోకి తన్నుకొస్తుంది. డెక్ మీద, అంటే కొలను గట్టున, నిలబడేవాళ్లందరం చూసేదే ఇది: మొదటి 50 బ్రహ్మాండంగా పోతాడు, రెండో టర్న్ తర్వాత స్ట్రోక్ పొట్టిదవుతుంది, మూడో గోడ దగ్గర తల ఎత్తి మింగుతాడు. ముగించాక మెట్ల దాకా కూడా రాడు, గట్టర్ (కొలను అంచున ఉండే కాలువ) పట్టుకుని అక్కడే కక్కుతాడు. పక్కన పడేది చూస్తే తెలిసిపోతుంది, మిరియం గింజ, జీడిపప్పు ముక్క. వాడి ప్రాక్టీసులో లోపం ఉండదు.

అమ్మా, మీ ప్రశ్నకు ఒకటే లెక్క. తరువాతి రేసుకు ఎంత వ్యవధి ఉందో దాన్ని బట్టి తిండి. మూడు గంటలు ఉంటే భోజనం లాంటిది. గంటన్నర, రెండు గంటలుంటే రెండు ఇడ్లీలో, బ్రెడ్డు జామో. ముప్పావు గంటే ఉంటే అరటిపండు ముక్క, ఖర్జూరం. అంతకన్నా తక్కువైతే గుక్కెడు నీళ్లు, అంతే. మార్షలింగ్‌కు (రేసుకు ముందు వరుసలో నిలబడడానికి) పిలిచాక నోట్లో ఏమీ పెట్టొద్దు. రెయిలింగ్ మీదుగా వంగి చెంచాతో తినిపించే తల్లిదండ్రులను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.


లేన్ నాలుగు
గురువారం, రాత్రి 10:40

సార్ చెప్పిన గట్టర్ కేసు నేనే కాదు కదా 😅 నాకు పూరీ కూర.


పోషణ
గురువారం, రాత్రి 11:12

నేను డైటీషియన్‌ని, క్రీడాకారులతో పని చేస్తుంటాను. మాస్టారు చెప్పినదానికి కొన్ని అంకెలు కలుపుతాను.

క్రీడా పోషణలో అందరూ వాడే సూత్రం ఇది: పోటీకి ఒకటి నుంచి నాలుగు గంటల ముందు, కిలో బరువుకు 1 నుంచి 4 గ్రాముల పిండిపదార్థం. వ్యవధి ఎక్కువుంటే ఎక్కువ, తక్కువుంటే తక్కువ. మీ పాప 38 కిలోలు. పావు తక్కువ ఆరుకు తిని తొమ్మిదిన్నరకు ఈదుతుందనుకుందాం. కిలోకు ఒకటిన్నర గ్రాములు వేసినా 57 గ్రాములు. అంటే నాలుగు మామూలు సైజు ఇడ్లీలు, ఒక చిన్న అరటిపండు. అంతే! దీనికి ఎనిమిది ఇడ్లీలు కుక్కాల్సిన పని లేదు. పక్కన పలచని సాంబారో, తేనో, కాస్త చక్కెరో. కారప్పొడి నూనెలో కలిపింది వద్దు, అల్లం పచ్చడి వద్దు.

ఖాళీ కడుపు సలహా ఇచ్చినాయన సంగతి. రాత్రంతా నిద్రలో కాలేయంలోని గ్లైకోజెన్ (శక్తి కోసం ఒళ్లు దాచుకున్న చక్కెర) నిల్వ తగ్గిపోతుంది. 50 మీటర్లు అర నిమిషం పని, దానికి కండరంలో ఉన్నదే సరిపోతుంది, నిజమే. కానీ పిల్ల ఈదేది ఆ అర నిమిషం ఒక్కటే కాదు కదా. వార్మప్‌లో ఎన్నో లాప్‌లు, స్విమ్ డౌన్ (రేసు తరువాత నెమ్మదిగా ఈదడం), మళ్లీ వార్మప్, రిలే, మధ్యలో ఎండలో గంటల కొద్దీ ఎదురుచూపులు. పదిన్నరకల్లా తల తిరుగుతోందని, చిరాకుగా ఉందని కూర్చునేది ఖాళీ కడుపు పిల్లలే.

గుడ్లు మంచివే, సాయంత్రానికి దాచండి. పొద్దున ఒకటి అలవాటుంటే పర్లేదు, నాలుగు మాత్రం కడుపులో బరువు.

గ్లూకోజ్ పొడి నోట్లో పోసే పద్ధతి మానేయండి. చిక్కటి చక్కెర పేగులోకి నీళ్లను లాగుతుంది. కడుపులో గుడగుడ, ఒక్కోసారి విరేచనం. అదే చక్కెర లీటరు నీళ్లలో 60 గ్రాములు కరిగిస్తే తేలిగ్గా ఒంటికి పడుతుంది.


కొర్లగుంట సుధ
శుక్రవారం, ఉదయం 6:18

లెక్కలన్నీ బాగున్నాయి మేడమ్, కానీ తినే పిల్ల ఉండాలి కదా. మా అబ్బాయికి పోటీ అంటే ముద్ద దిగదు. ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని పది నిమిషాలు నములుతాడు. తిడితే ఏడుపు, ఏడిస్తే అదీ పోతుంది.


పోషణ
శుక్రవారం, ఉదయం 7:02

భయంగా ఉన్నప్పుడు కడుపు నెమ్మదిస్తుంది సుధగారూ, తిట్టి లాభం లేదు. నమలడం కష్టమైతే తాగించండి. పలచని రాగి జావ, పాలు పడితే పాలు బెల్లం, పడకపోతే మజ్జిగ ఉప్పు. వెన్న తీసిన మజ్జిగైతే ఇంకా మేలు. ఒక గ్లాసు జావ, కాసేపాగి సగం అరటిపండు. ఇదీ దిగకపోతే ముందురాత్రి భోజనం మీద ఆధారపడాలి. అందుకే శుక్రవారం రాత్రి అన్నం, పప్పు, కూర, పెరుగు కడుపునిండా, తొమ్మిదిలోపు. బిర్యానీలు, పునుగులు ఈ రాత్రికి వద్దు.

ఇంకో మాట, ఏది పెట్టినా మామూలు ప్రాక్టీసు రోజుల్లో ముందే ఇచ్చి చూసినదై ఉండాలి. ఓట్స్, ప్రోటీన్ బార్ మొదటిసారి రుచి చూసేది రేపు కాకూడదు.


లేన్ నాలుగు
శుక్రవారం, ఉదయం 7:20

మేడమ్ ఒక డౌట్. మైకేల్ ఫెల్ప్స్ రోజుకు 12,000 కేలరీలు తిని 2008 బీజింగ్‌లో 8 గోల్డ్‌లు కొట్టాడు కదా. మనకేమో నాలుగు ఇడ్లీలా? మా సీనియర్లు రేసుకు ముందు ఎనర్జీ డ్రింక్ తాగుతారు, అది ఓకేనా?


డెక్ మీద మాస్టారు
శుక్రవారం, ఉదయం 7:34

ఆ 12,000 పుకారని ఫెల్ప్సే తరువాత చెప్పాడు నాయనా. రోజుకు ఎనిమిది నుంచి పది వేలు ఉండేదన్నాడు. అదైనా రోజుకు గంటల తరబడి నీళ్లలో ఉండే ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి. నువ్వు ముందు ఆరు గంటల బ్యాచ్‌కు టైముకు రా.

ఎనర్జీ డ్రింక్ సంగతి మేడమ్ చెబుతారు. నా పిల్లల సంచుల్లో కనబడితే మాత్రం డబ్బా నేనే పారబోస్తాను.


పోషణ
శుక్రవారం, ఉదయం 8:10

పావు లీటరు డబ్బాలో సుమారు 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, పైగా చిక్కటి చక్కెర. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదువు, పిల్లలకు తగదని కంపెనీయే రాస్తుంది. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అలా రాసి తీరాలి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమూ 2011లోనే పిల్లలకు, టీనేజర్లకు ఇవి వద్దని తేల్చి చెప్పింది. పోటీ రోజు గుండె ఎలాగూ దడదడలాడుతుంది. దానికి కెఫీన్ తోడైతే చేతులు వణుకుతాయి, రాత్రి నిద్ర పట్టదు, ఆదివారం ఈవెంట్లు దెబ్బతింటాయి.


చిత్తూరు నాన్న
శుక్రవారం, ఉదయం 8:45

సరే, పొంగలి మానేసినా. మాస్టారు చెప్పింది తల్చుకుంటే నాకే కడుపులో తిప్పతా ఉండాది. మరి మెడికల్ షాపులో ఓఆర్ఎస్ డబ్బాలు, ఆపిల్ రుచీ ఆరెంజ్ రుచీ, అవి తెచ్చుకోవచ్చా? పోయినసారి పెట్టెలు పెట్టెలు తెచ్చినారు అందరూ.


పోషణ
శుక్రవారం, ఉదయం 9:20

ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. అసలు ఓఆర్ఎస్ విరేచనాలు, వాంతులకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములు, రుచి ఉప్పగా ఉంటుంది. తియ్యగా జ్యూసులా ఉందంటే అది ఓఆర్ఎస్ కాదు, ఆ పేరు పెట్టుకున్న చక్కెర నీళ్లు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశం ఇచ్చింది, ఫార్ములాకు సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని. పాత సరుకు చేతికొస్తే లేబుల్ చూసుకోండి.

ఆరోగ్యంగా ఉన్న పిల్లకు పోటీ రోజు అసలు ఓఆర్ఎస్ కూడా అక్కర్లేదు. మంచినీళ్లు ముఖ్యం. నీళ్లలో ఉంటే చెమట కనబడదు గానీ పడుతుంది. డెక్ మీద రేకుల కింద కూర్చుంటే ఇంకా పడుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కలు గుక్కలుగా తాగుతూ ఉండాలి. ఒకేసారి సీసా ఎత్తి దించితే కడుపులో నీళ్లు గలగలమంటాయి. మూత్రం లేత పసుపులో ఉంటే సరే, ముదురుగా ఉంటే చాల్లేదని అర్థం.

రేసుల మధ్యలో రుచికి, కాస్త శక్తికి ఇంట్లోనే కలుపుకోండి: లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, 60 గ్రాముల చక్కెర లేదా బెల్లం, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ. మన శ్రీరామనవమి పానకం ఇదే కదా, మిరియం, శొంఠి లేకుండా. మీ చిత్తూరు బెల్లం ఉండగా రంగు సీసాలు ఎందుకు చెప్పండి! బెల్లంలో మట్టి, నలకలు ఉంటాయి, పలచటి బట్టలో వడకట్టడం మరవకండి.


కొర్లగుంట సుధ
శుక్రవారం, ఉదయం 9:41

కొబ్బరి నీళ్లు?


పోషణ
శుక్రవారం, ఉదయం 9:50

మంచివే. పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా సోడియం కాబట్టి దానితో పాటు ఉప్పు తగిలే తిండి ఏదైనా ఉంటే చాలు. అలవాటు లేని పిల్లకు రేసు ముందు నిండు బోండాం వద్దు, కొందరికి కడుపు జారుతుంది.


తిలక్ రోడ్డు తాతయ్య
శుక్రవారం, ఉదయం 11:15

ఒక్కపొద్దు సంగతి ఎవరూ ఎత్తుకోలేదు, నేను చెబుతానమ్మా. నాకు డెబ్బై దాటాయి. శనివారం ఒక్కపొద్దు మా ఇంట్లో మూడు తరాలుగా ఉంది, పెరటాశి నెల శనివారాలైతే పొయ్యి కూడా పొద్దెక్కాకే. కానీ పసిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుపడ్డవాళ్లకు, దూరం నడిచేవాళ్లకు ఈ నియమం లేదని మా అమ్మ చెప్పేది. మెట్ల దారిలో కొండెక్కే పిల్లలకు దారిపొడవునా తినిపిస్తూనే ఉంటాం కదా, స్వామి ఏమన్నా అనుకున్నాడా?

పాప మనసులో అది ఒక మాటలా ఉండి ఉంటుంది, దాన్ని చిన్నబుచ్చొద్దు. పొద్దున దీపం పెట్టి దణ్ణం పెట్టుకుని, ఈ వారం బదులు వచ్చే శనివారం ఉంటానని చెప్పుకోమనండి. లేదూ ఆమె పేర అత్తగారే ఉంటారు. ఆవిడనే పాపతో ఒక మాట చెప్పించండి, మీరు చెబితే వినకపోవచ్చు.


అలిపిరి అమ్మ
శుక్రవారం, మధ్యాహ్నం 1:30

తాతయ్యగారూ, అత్తయ్యకు మీ పోస్టు చదివి వినిపించాను. "నేను రెండు పొద్దులు ఉంటాలే, అది ఇడ్లీ తిననీ" అన్నారు. సగం భారం దిగింది.

ఇక మధ్యాహ్నం సంగతి. బటర్‌ఫ్లై పన్నెండుకు అయిపోతే రిలే నాలుగుకు. అప్పుడు పెరుగన్నం ఇద్దామనుకున్నాను. ఈ ఎండకు డబ్బాలో పులిసిపోదా?


కొర్లగుంట సుధ
శుక్రవారం, మధ్యాహ్నం 1:52

ఇది నేను చెబుతాను, నాకు వచ్చిన ఒకే విద్య ఇది. పొద్దున పెరుగు కలిపితే పన్నెండుకు పులుపు, ఖాయం. అన్నం కాస్త మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదిపి, కాచిన పాలు పోసి జారుగా కలపండి. గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు, ఉప్పు. అంతకన్నా పెరుగు వెయ్యొద్దు. డబ్బా మూతపెట్టి తడిగుడ్డ చుట్టి నీడలో ఉంచితే మధ్యాహ్నానికి అదే తోడుకుని కమ్మగా ఉంటుంది. మొదట చూడ్డానికి పాయసంలా పలచగా అనిపిస్తుంది, కంగారు పడకండి, అన్నం పాలన్నీ పీల్చుకుంటుంది. పోపు, పచ్చిమిర్చి, ఊరగాయ వద్దు. దానిమ్మ గింజలు నాలుగు వేస్తే పిల్లలు ఇష్టంగా తింటారు. కొబ్బరి చట్నీ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మోసుకెళ్లకండి, ముందుగా చెడేది అదే.


డెక్ మీద మాస్టారు
శుక్రవారం, మధ్యాహ్నం 2:15

సుధమ్మ చెప్పింది అక్షరాలా నిజం. పన్నెండున్నరలోపు పెట్టేయండి, మళ్లీ రిలే అయ్యేదాకా భోజనం లాంటిది వద్దు. మూడుంబావుకు రెండు ఖర్జూరాలో, బొరుగులు గుప్పెడో. బొరుగుల్లో కారం, నూనె, వేయించిన చెనక్కాయలు కలపొద్దు. ఉడికించిన గెనుసుగడ్డ ముక్కలు కూడా కొందరు తెస్తారు, తిన్న అలవాటుంటే బ్రహ్మాండం.

బయట బండి మీద కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఐసు వేసిన చెరకు రసం వద్దే వద్దు. శనివారం అక్కడ తిన్నది ఆదివారం పొద్దున తెలుస్తుంది. పండు కావాలంటే తొక్క ఒలిచేది తెచ్చుకోండి.

నీళ్లలోంచి లేచాక పిల్లలకు విపరీతంగా ఆకలేస్తుంది. బటర్‌ఫ్లై అవ్వగానే సమోసాకు పరిగెడతారు. ఒళ్లు తుడిచి, పొడి టీషర్టు వేసి, పెరుగన్నం డబ్బా ముందు పెట్టండి. సమోసా ఊసే ఉండదు.


చిత్తూరు నాన్న
శుక్రవారం, మధ్యాహ్నం 2:40

తిన్న గంటలో నీళ్లలో దిగితే కాళ్లు పట్టేసి మునిగిపోతారని మా అమ్మ ఇప్పటికీ అంటాది. నిజమా సార్?


డెక్ మీద మాస్టారు
శుక్రవారం, మధ్యాహ్నం 2:58

మునిగిపోతారనడానికి ఆధారం లేదు. ఒళ్లు బరువుగా, వికారంగా ఉంటుంది, అంతవరకే. కాళ్లు పట్టేయడానికి ఎక్కువసార్లు కారణం అలసట. వార్మప్ ఎగ్గొట్టి నేరుగా బ్లాక్ (రేసుకు దూకే దిమ్మె) ఎక్కేవాళ్లకే నేను ఎక్కువ చూశాను. అమ్మగారి మాట పూర్తిగా కొట్టెయ్యకండి, ఆవిడ పేరు చెప్పుకుని మీ వాడు వడ మానేస్తే నాకు సంతోషం.


లేన్ నాలుగు
శుక్రవారం, సాయంత్రం 5:05

శనివారం రాత్రి ఏం తినాలి? ఆదివారం నాకు 400 ఐఎం (నాలుగు స్ట్రోక్‌లూ కలిపి ఈదేది) ఉంది.


పోషణ
శుక్రవారం, సాయంత్రం 5:40

మంచి ప్రశ్న, పెద్దవాళ్లు ఎవరూ అడగలేదు. చివరి రేసు అయిన అరగంటలో ఏదో ఒకటి పడాలి, ఇంటికెళ్లి వండేదాకా ఆగొద్దు. పాలు, అరటిపండు చాలు. తరువాత రాత్రి భోజనంలో అన్నమో, చపాతీయో కాస్త ఎక్కువగా, పప్పు, గుడ్లు లేదా తక్కువ నూనెతో చికెన్. అన్నం ఖర్చయిన నిల్వను నింపుతుంది, పప్పూ గుడ్డూ కండరాన్ని బాగుచేస్తాయి. రెండూ కావాలి. 400 ఐఎం అంటే ఐదారు నిమిషాల పని, నీకు ఆ నిల్వ 50 ఈదేవాళ్లకన్నా ఎక్కువ అవసరం. గెలిచిన సంబరంలో రాత్రి పదకొండుకు బిర్యానీ పార్టీ పెడితే ఆదివారం ఆరుకు ఇడ్లీ దిగదు.


చిత్తూరు నాన్న
శుక్రవారం, సాయంత్రం 6:12

అంటే నాటుకోడి పులుసు ఆదివారం రాత్రికి పెట్టుకోవాల. మా ఇంటామెకు చెప్పేస్తా.


అలిపిరి అమ్మ
శుక్రవారం, రాత్రి 8:20

రాసి ఫ్రిజ్‌కు అంటించాను, ఒకసారి చూడండి. 5:45కు నాలుగు ఇడ్లీలు, చిన్న అరటిపండు, గ్లాసు నీళ్లు. వార్మప్ అయ్యాక 8:15కు సగం అరటిపండు. 200 అవ్వగానే బెల్లం నిమ్మ నీళ్లు, పదింబావుకు బ్రెడ్డు జామ్ ఒకటి. బటర్‌ఫ్లై తరువాత పెరుగన్నం. మూడుంబావుకు ఖర్జూరాలు. మధ్యమధ్యలో నీళ్లు. ఒకే భయం, పోటీలు ఎప్పుడూ చెప్పిన టైముకు నడవవు కదా. తొమ్మిదిన్నర రేసు పదకొండుకు జరిగితే?


డెక్ మీద మాస్టారు
శుక్రవారం, రాత్రి 8:47

బాగుందమ్మా. గడియారం చూసి తినిపించకండి, హీట్ షీట్, అంటే ఏ హీటులో (బ్యాచ్‌లో) ఎవరు ఈదుతారో రాసిన జాబితా, చూసి తినిపించండి. మార్షలింగ్ టేబుల్ దగ్గర గోడకు అంటిస్తారు. మీ పాప హీటు నంబరు పొద్దున్నే ఫోటో తీసుకోండి. 200 ఫ్రీకి ఈ వయసులో ఒక్కో హీటుకు దాదాపు నాలుగు నిమిషాలు వేసుకోండి, దిగడం ఎక్కడం కలిపి. ముందు పదిహేను హీట్లు ఉంటే గంట ఉన్నట్టు. అప్పుడు ఇంకో సగం అరటిపండు ఇవ్వొచ్చు. ఐదు హీట్లే ఉంటే నీళ్లు మాత్రమే.

అందుకని డబ్బాలో రెండు అరటిపండ్లు, ఒక బ్రెడ్డు ప్యాకెట్ ఎక్కువే పెట్టుకోండి. మీ పాప తినకపోయినా ఏమీ తెచ్చుకోని పిల్లలు ఆ రేకుల కింద నలుగురైనా ఉంటారు. సీసా మీద పెద్దగా పేరు రాయండి, అందరివీ ఒకే నీలం సీసాలు.